ప్రేగుతో కట్టిన మూత్రాశయం – లీకేజీకి కనిపించని కారణాలు

సూరత్ నగరం నుండి కడోదరా మీదుగా జాతీయ రహదారిపై నవ్‌సారీ దిక్కుగా ప్రయాణించేవారికి పల్సానా తాలూకా సుపరిచితమే. రహదారికి ఇరువైపులా అద్దకపు మిల్లులు, బాయిలర్ చిమ్నీలు, బట్టల తాన్లు మోసుకుపోయే టెంపోలు కనిపిస్తాయి. ఈ మిల్లులలోనూ, సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాల మగ్గాల షెడ్లలోనూ పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుండి తరలివచ్చిన తెలుగువారు అనేకులున్నారు. వీరిలో చాలామంది పద్మశాలి కుటుంబాలవారు. ఉద్యోగరీత్యా ఈ ప్రాంతంలో నివసిస్తున్న మాకు వారితో రాకపోకలు ఏర్పడ్డాయి. ఆ పరిచయాల ద్వారానే ఈ వ్యాసవిషయం మా దృష్టికి వచ్చింది.

రంగులకూ మూత్రాశయానికీ ఉన్న సంబంధం పాతదే. 1895లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో లుడ్విగ్ రేన్ అనే శస్త్రవైద్యుడు, ఫుక్సిన్ అనే ఎర్రరంగు తయారుచేసే కార్మికులలో మూత్రాశయపు కణుతులు కనిపిస్తున్నాయని తొలిసారిగా వెల్లడించారు. తరువాతి దశాబ్దాలలో బెంజిడీన్, బీటా నాఫ్థిలమీన్ వంటి రసాయనాలే ప్రధాన దోషులని తేలింది. మన దేశంలో 1990వ దశకంలో బెంజిడీన్ ఆధారిత రంగులతో సహా మొత్తం 112 రంగులపై నిషేధం విధించారు. పాలియెస్టర్ బట్టకు వాడే డిస్పర్స్ రంగులు వేరొక తరగతికి చెందినవి. కనుక మిల్లులో పనిచేసే ప్రతివారికీ ఈ జబ్బు రాసిపెట్టి ఉందని మేము అనడం లేదు. నిజానికి మూత్రాశయ క్యాన్సరుకు అన్నింటికంటె పెద్ద కారణం పొగాకు. రంగులకు భయపడి మిల్లు మానుకునే వ్యక్తి చేతిలో బీడీ కట్ట ఉండడం మేము చూశాము.

క్యాన్సరు మూత్రాశయపు కండరంలోకి చొచ్చుకుపోయినప్పుడు తరచుగా మూత్రాశయాన్నే తొలగించవలసి వస్తుంది. అప్పుడు మూత్రానికి మరొక దారి చూపాలి. పుట్టుకతో మూత్రాశయం బయటకు తెరుచుకుని ఉన్న పిల్లలకు, క్షయవ్యాధి వలన మూత్రాశయం ముడుచుకుపోయినవారికి, వెన్నుపాము లోపం గలవారికి కూడా ఇటువంటి అవసరం కలుగుతుంది. ఆపరేషన్ గురించి, క్యాన్సరు గురించి పత్రికలలో వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. ఆపరేషన్ విజయవంతమై ఇంటికి వచ్చిన కొన్ని నెలలకో, కొన్ని సంవత్సరాలకో “మళ్ళీ తడుస్తోంది” అని రోగి లోలోపల కుమిలిపోయే ఘట్టం గురించి మాత్రం ఎవరూ పెదవి విప్పరు. మేము వైద్యులం కాము. పైపులు, పంపులు, వాల్వులతో జీవితం గడిపినవారం. అయినా ఈ విషయం చదువుతూ, వైద్యులను అడిగి తెలుసుకుంటూ పోగా, ఇది మనకు బాగా తెలిసిన లీకేజీ సమస్యేననీ, దానిని వెదికే పద్ధతి కూడా మనకు కొత్త కాదనీ అర్థమయింది.

మూడు దారులు

మూత్రాశయం లేనివారికి మూత్రం మళ్ళించే ప్రయత్నం 1852లోనే జరిగింది. లండన్ వైద్యుడు జాన్ సైమన్ మూత్రనాళాలను మలాశయంలోకి మళ్ళించారు. ఈ పద్ధతిలో మలద్వారపు కండరమే మూత్రాన్ని కూడా బిగబట్టాలి. 1950లో అమెరికాకు చెందిన యూజీన్ బ్రికర్ చిన్నప్రేగు ముక్క ద్వారా మూత్రాన్ని పొట్టమీది రంధ్రానికి చేర్చి, అక్కడ సంచి అంటించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. అది ఈనాటికీ విస్తారంగా వాడుకలో ఉన్న నమ్మకమైన పద్ధతి. అయితే మూత్రం ఎడతెగక బయటకు వస్తూనే ఉంటుంది. సంచి ఎప్పుడూ వెంట ఉండాలి. సూరత్ ఉక్కపోతలో, మిల్లు ఆవిరిలో, చెమటకు ఊడిపోయే సంచితో పనిచేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

అందువలన మూత్రాన్ని లోపలే నిలువచేసి, మనిషి కోరినప్పుడు మాత్రమే బయటకు వదిలే ఏర్పాటు కోసం శస్త్రవైద్యులు పరిశ్రమించారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన నిల్స్ కాక్, మొదట మలం కోసం 1969లో రూపొందించిన ప్రేగు సంచిని, తరువాత మూత్రానికి అన్వయించి 1982లో ఫలితాలు ప్రకటించారు. ఆయన ప్రేగును లోనికి ముడిచి చనుమొన ఆకారంలో ఒక వాల్వు చేశారు. సంచి నిండేకొద్దీ ఆ వాల్వు చుట్టూ ఒత్తిడి పెరిగి అది మరింత బిగుసుకుంటుంది. ఫ్రాన్సుకు చెందిన పాల్ మిత్రొఫనాఫ్ 1980లో అపెండిక్సునే సన్నని దారిగా వాడారు. అమెరికాలోని ఇండియానా వైద్యులు చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలిసేచోట ప్రకృతి అమర్చిన వాల్వునే ఉపయోగించుకున్నారు. ఈ సంచులన్నింటినీ రోగి తానే సన్నని గొట్టంతో, అనగా కాథెటర్‌తో, కొన్ని గంటలకొకసారి ఖాళీ చేసుకోవాలి. శుభ్రమైన చేతులతో ఇలా చేసుకుంటే చాలునని, ఆపరేషన్ థియేటరు స్థాయి సూక్ష్మజీవరహిత ఏర్పాట్లు అవసరం లేదని 1972లో అమెరికా వైద్యుడు జాక్ లాపిడెస్ చూపించి ఉండకపోతే ఈ పద్ధతులు ఇంటింటా సాధ్యమయ్యేవి కావు.

మూడవ దారి, ప్రేగుతో కొత్త మూత్రాశయం చేసి దానిని పాత మూత్రమార్గానికే కలపడం. ఫ్రాన్సులో మారిస్ కామే దీనికి పునాది వేయగా, 1980వ దశకంలో జర్మనీలోని ఉల్మ్ నగరానికి చెందిన హాట్‌మన్, స్విట్జర్లండులోని బెర్న్‌కు చెందిన స్టూడర్ దానిని మెరుగుపరిచారు. ఇందులో పొట్టమీద రంధ్రం ఉండదు. మనిషి స్వంత బిగింపు కండరమే వాల్వు.

ఒక చిన్న లెక్క

ఇంజనీర్లకు నచ్చే విషయం ఒకటి ఇక్కడ ఉన్నది. పాఠకులు ఓపికతో చదవాలని కోరుతున్నాము. కింద చెప్పబోయే కారణాలలో సగం దీనిపైనే ఆధారపడి ఉన్నాయి.

2.5 సెంటీమీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల పొడవు గల ప్రేగు గొట్టాన్ని ఊహించుకోండి. దానిలో పట్టేది దాదాపు 196 మిల్లీలీటర్లు. అదే గొట్టాన్ని నిలువునా చీల్చి, మధ్యకు మడిచి, అంచులు కుడితే వ్యాసం రెట్టింపు, పొడవు సగం అవుతుంది. పట్టేది రెట్టింపై 393 మిల్లీలీటర్లు. అదే బట్టను పూర్తిగా బంతిలా కుట్టగలిగితే 5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో 523 మిల్లీలీటర్లు పడతాయి. బట్ట అంతే, కుట్టే తీరు మారింది. చొక్కా చేతికి సరిపోయే గుడ్డతో పెద్ద సంచి కుట్టినట్లు! ఇక లాప్లాస్ సూత్రం ప్రకారం, గోడలో బిగుతు సమానంగా ఉన్నప్పుడు వ్యాసార్థం పెరిగేకొద్దీ లోపలి ఒత్తిడి తగ్గుతుంది. పై ఉదాహరణలో గొట్టంకంటె బంతిలో ఒత్తిడి సగమే. అంతేకాక, ప్రేగును చీల్చినందువలన ఆహారాన్ని ముందుకు తోసే అలలు ఒక్కుమ్మడిగా రావడం మానేస్తాయి. చీల్చని గొట్టమైతే ఆ అల వచ్చినప్పుడల్లా ఒత్తిడి ఒక్కసారిగా పైకి లేచి, ఎంత మంచి వాల్వునైనా ఓడిస్తుంది.

కనుక మూత్రం నిలవాలంటే సంచిలోని ఒత్తిడికంటె బయటి దారి చూపే నిరోధం ఎల్లప్పుడూ ఎక్కువగా ఉండాలి. కారుతున్నదంటే లోపల ఒత్తిడి పెరిగి ఉండాలి, లేదా వాల్వు బలహీనపడి ఉండాలి, లేదా వాల్వును తప్పించుకుని వేరొక దొంగదారి ఏర్పడి ఉండాలి. ట్యాంకు పొంగిపొర్లడం నాల్గవది. కేసు ఎంత వింతదైనా ఈ నాలుగింటిలో ఎక్కడో ఒకచోట ఇమడక తప్పదు.

పొంగిపొర్లే సంచి

వినడానికి విచిత్రంగా ఉన్నా, మూత్రం కారేవారిలో కొందరి అసలు సమస్య మూత్రం బయటకు రాకపోవడమే. సంచి పూర్తిగా ఖాళీ కాక, నిలువ పెరిగి పెరిగి, అంచు దాటినంత మాత్రమే చుక్కలుచుక్కలుగా జారుతుంది. రోగికి కనిపించేది చుక్కలే. లోపల అర లీటరు, ముప్పావు లీటరు ఉండిపోయినట్లు ఆయనకు తెలియదు. ప్రేగు తన సహజగుణం చొప్పున జిగురును స్రవిస్తూనే ఉంటుంది. ఆ జిగురు ముద్దకట్టి దారిని మూయవచ్చు. స్త్రీలలో కొత్త మూత్రాశయం వెనుకకు వాలి, మూత్రమార్గంతో కలిసేచోట తోట గొట్టం మడతపడినట్లు మడతపడుతుంది. ఎంత ముక్కినా రాదు. దగ్గినప్పుడు మాత్రం చుక్కలు పడతాయి. ఇటువంటివారికి కారడం తగ్గించే మందులు ఇస్తే మేలుకు బదులు కీడే. మూత్రం పోసుకున్న వెంటనే అల్ట్రాసౌండు తీసి మిగిలినదెంతో కొలిస్తే సంగతి బయటపడుతుంది. కాథెటర్‌తో క్రమంగా ఖాళీ చేసుకుంటే చాలామందికి కారడం ఆగిపోతుంది.

వాల్వులో రాయి

ఇక్కడ మాకు తెలిసిన ఒకరి ఉదంతం చెప్పడం సందర్భోచితం. ఆయన పల్సానా ప్రాంతపు అద్దకపు మిల్లులో దీర్ఘకాలం పనిచేసి విరమించిన తెలుగువారు. మూత్రాశయం తీసివేసి పొట్టమీద వాల్వు గల సంచి అమర్చారు. మూడేళ్ళు నిశ్చింతగా గడిచిన తరువాత వాల్వు వద్ద తడి మొదలయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. పెళ్ళిళ్ళకు వెళ్ళడం మానేశారు. ఒకనాడు మేము వారింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య, “అన్నయ్యగారూ, ఈయన పొద్దు వాలిన తరువాత గుక్కెడు నీళ్ళు కూడా ముట్టడం లేదు. అడిగితే కసురుకుంటున్నారు. మీరైనా చెప్పండి” అన్నారు. ఆయన తల వంచుకుని, “తాగితే కారుతుంది గదా సార్” అన్నారు.

ఎక్స్‌రేలో సంచి నిండా రాళ్ళు. ఒక రాయి వాల్వు అంచున ఇరుక్కుని, దానిని పూర్తిగా మూసుకోనివ్వడం లేదు. మన ప్లాంటులో గేట్ వాల్వు సీటు మీద వెల్డింగు ముత్యం ఒక్కటి పడితే ఎంత త్రిప్పినా పాసింగు ఆగదు, ఇదీ అంతే. కొన్ని పద్ధతులలో వాల్వును నిలబెట్టడానికి లోహపు స్టేపుల్స్ వాడతారు. మూత్రానికి తగిలే ఆ లోహపు కొన చుట్టూ లవణాలు పేరుకుని రాయి కడుతుంది. నీరు తగ్గితే మూత్రం చిక్కబడి రాయి త్వరగా పెరుగుతుంది. కారుతోందని నీరు మానారు. నీరు మానినందుకు రాళ్ళు పెరిగాయి. రాళ్ళు పెరిగినందుకు ఇంకా కారింది. రాళ్ళు తీయించిన తరువాత తడి ఆగింది. వాల్వు చెడిపోలేదు.

స్టేపుల్ ఒక్కటే కాదు. విరిగిన కాథెటర్ కొన, లోపల కరగకుండా మిగిలిన కుట్టుదారం, గొట్టంతోపాటు లోనికి పోయిన వెంట్రుక కూడా రాయికి బీజమవుతాయి.

దొంగదారులు

కాక్ వాల్వుకు ఆధారంగా ఒకప్పుడు మార్లెక్స్ అనే ప్లాస్టిక్ వలను పట్టీలా చుట్టేవారు. ఆ వల క్రమంగా ప్రేగు గోడను ఒరుసుకుంటూ పోయి వాల్వు మొదట్లో సన్నని రంధ్రం చేసేది. వాల్వు చక్కగా బిగిసి ఉన్నట్లే కనిపిస్తుంది, కాని మూత్రం దాని ప్రక్క నుండి వస్తుంది. ఈ కారణంగా ఆ వల వాడకం తగ్గిపోయింది. మడిచిన చనుమొన వాల్వు కాలక్రమంలో విప్పుకుని పొట్టిదైపోవడం, రక్తప్రసరణ తగ్గి క్షీణించడం కూడా ఉన్నవే. కాథెటర్‌ను బలవంతంగా త్రోసినప్పుడు గొట్టం అసలు దారి తప్పి గోడలో కొత్త మార్గం చేసుకోవచ్చు. “ఈమధ్య గొట్టం తేలికగా పోవడం లేదు” అన్న మాట తరువాత కొద్ది రోజులకే “తడుస్తోంది” అన్న మాట వస్తే ఈ అనుమానం కలగాలి.

స్త్రీలలో కొత్త మూత్రాశయానికీ యోనికీ మధ్య రంధ్రం ఏర్పడితే రాత్రింబవళ్ళు ఎడతెగక తడి ఉంటుంది. దానిని కండరపు బలహీనతగా భావించి వ్యాయామాలు చేయిస్తూ నెలలు గడిపితే ఫలితం శూన్యం. సంచికీ ప్రక్కనున్న ప్రేగుకూ దారి ఏర్పడితే మూత్రంతోపాటు గాలి బుడగలు వస్తాయి, లేక మలద్వారం నుండి నీళ్ళు పోతాయి. దానిని విరేచనాలుగా పొరబడడం సహజం.

ఈ దొంగదారులను కనుగొనే పరీక్ష మా బోటివారికి చాలా ఆసక్తికరం. సంచిలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు నీటిని నింపి, అనుమానమున్న చోట తెల్లని గాజుగుడ్డ ఉంచుతారు. ఎక్కడ నీలి మరక పడితే అక్కడ దారి ఉన్నట్లు. వెల్డింగు జాయింట్లకు మనం చేసే డై పెనిట్రెంట్ టెస్టుకు ఇది దగ్గరి చుట్టం. ఆ మిథిలీన్ బ్లూను 1876లో జర్మనీలో హైన్రిక్ కారో తయారుచేసినది మందుగా కాదు, నూలుబట్టకు అద్దకపు రంగుగా! అద్దకం ఊరివారికి ఈ మాట చెబితే వారి ముఖంలో కలిగే ఆశ్చర్యం చూడదగినది.

నిద్రలో తడిసే పక్క

పాత మూత్రమార్గానికే కలిపిన కొత్త మూత్రాశయం గలవారు పగలు చాలావరకు పొడిగానే ఉంటారు. రాత్రి పక్క తడవడం వీరిలో అరుదు కాదు. కాని దాని వెనుకనున్న కారణం మాత్రం సామాన్యులు ఊహించేది కాదు. సహజమైన మూత్రాశయం నిండుతున్నకొద్దీ వెన్నుపాముకు సంకేతాలు పంపుతుంది. బిగింపు కండరం ఆ మేరకు మరింత బిగుసుకుంటుంది. ప్రేగుకు ఆ వైరింగు లేదు. మెలకువగా ఉన్నప్పుడు మనిషి తానే బిగబడతాడు. నిద్రలో కాపలాదారు కునుకు తీస్తాడు.

రెండవ కారణం మరింత విడ్డూరం. అసలు మూత్రాశయపు లోపలి పొర నీటిని ఇటు నుండి అటు పోనివ్వదు. ప్రేగు గోడ పనియే నీటిని పీల్చడం, వదలడం. రాత్రివేళ మూత్రపిండాలు చిక్కని మూత్రాన్ని పంపుతాయి. ఆ చిక్కదనాన్ని సమం చేయడానికి రక్తంలోని నీరు ప్రేగు గోడ గుండా సంచిలోకి వస్తుంది. అంటే మూత్రపిండాలు పంపినదానికంటె సంచిలో చేరేది ఎక్కువ! పొద్దు వాలాక చుక్క నీరు ముట్టనివారికి కూడా పక్క తడవడంలో ఈ రహస్యం ఉన్నది. పడుకునే ముందు కొద్దిగా తగ్గించడం వేరు. రోజు మొత్తం మీద దాహంతో ఉండడం వేరు. వైద్యులు సాధారణంగా చెప్పేది రోజంతా సమృద్ధిగా త్రాగమని, రాత్రి అలారం పెట్టుకుని ఒకటి రెండుసార్లు లేచి ఖాళీ చేయమని. అలారం మోగినప్పుడు ఇంటిల్లిపాది నిద్రా చెడుతుంది; ఆ మాత్రం సహనం కుటుంబ సభ్యులు చూపవలసి ఉంటుంది.

కొత్త సంచి మొదట్లో చిన్నది. 150 మిల్లీలీటర్ల దగ్గర మొదలై కొన్ని నెలలలో 400, 500కు పెరుగుతుంది. కనుక మొదటి నెలల తడిని వైఫల్యంగా ఎంచరాదు. బాగుపడిన తరువాత మళ్ళీ మొదలైన తడి మాత్రం వేరు విషయం. దానికి తప్పక కారణముంటుంది; దానిని వెదకాలి.

సంచికి సంబంధం లేని కారణాలు

ఈ వ్యాసంలో మా మనసుకు అన్నిటికంటె ముఖ్యమని తోచినది ఈ భాగం. కారణం సంచిలోనే ఉండనక్కరలేదు. మూత్రాశయ నిపుణుని వద్దకు వెళ్ళినప్పుడు రోగి ఆ సంగతి మాత్రమే చెబుతాడు, బి.పి. మాత్రల సంగతి వేరే డాక్టరుది గనుక చెప్పడు.

రక్తపోటుకు వాడే ప్రజోసిన్ వంటి మందులు మూత్రమార్గపు బిగింపును సడలిస్తాయి. ఎనలాప్రిల్ జాతి మందులు కొందరిలో పొడిదగ్గు తెస్తాయి. దగ్గినప్పుడల్లా పొట్టలో ఒత్తిడి ఎగిసి చుక్కలు పడతాయి. మందు మారిస్తే దగ్గూ పోతుంది, తడీ పోతుంది. సొంతంగా మందు మానడం మాత్రం ప్రమాదకరం. డాక్టరు చేతనే మార్పించుకోవాలి. నిద్రమాత్రలు, మద్యం రాత్రి కాపలాను మరింత సడలిస్తాయి.

ఇక చక్కెరవ్యాధి. మన తెలుగు ఇళ్ళలో దీని పరిచయం అక్కరలేదు. రక్తంలో చక్కెర పెరిగితే మూత్రం పరిమాణమే పెరుగుతుంది. మూడు గంటలకు నిండే సంచి గంటన్నరకే నిండుతుంది. ఆపరేషన్ అయిన ఎన్నో ఏళ్ళకు హఠాత్తుగా మొదలైన కారడం, బయటపడని చక్కెరవ్యాధికి మొదటి సూచన కావచ్చు. మలబద్ధకం వలన నిండిన పెద్దప్రేగు సంచిని ప్రక్క నుండి నొక్కుతుంది. బొజ్జ పెరిగితే పొట్టమీది దారి కోణం మారి గొట్టం సరిగా దిగదు, సంచి సరిగా ఖాళీ కాదు. రంధ్రం ప్రక్కన హెర్నియా వచ్చినా ఇదే కథ.

సూక్ష్మజీవుల సోకుడు ఒకటి. ఇన్‌ఫెక్షను వచ్చినప్పుడు ప్రేగు గోడ చిరాకుపడి ముడుచుకుంటుంది, ఒత్తిడి లేస్తుంది. తగిన మందు పడితే తడి తగ్గుతుంది. అయితే గొట్టం వాడేవారి మూత్రంలో సూక్ష్మజీవులు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. జ్వరం, నొప్పి, కొత్తగా కారడం వంటి లక్షణాలు లేకుండా రిపోర్టు చూసి యాంటీబయాటిక్ మింగడం మంచిది కాదని వైద్యులు చెబుతారు.

పెద్దప్రేగుతో చేసిన కొన్ని సంచులలో గోడ బలంగా ముడుచుకునే అలవాటు పోక కారుతుంది. వాల్వును ఎన్నిమార్లు బిగించినా లాభముండదు. ఒత్తిడి కొలిచే పరీక్ష చేస్తే గాని ఈ సంగతి తెలియదు. అటువంటప్పుడు చిన్నప్రేగు ముక్కను చీల్చి అతుకు వేసి సంచిని విశాలం చేస్తారు. మనం రిలీఫ్ వాల్వు పదేపదే లేస్తున్నదని వాల్వునే మార్చుతూ, లైనులో ఒత్తిడి ఎందుకు పెరుగుతున్నదో చూడకపోవడం వంటిదే ఆ వాల్వు బిగింపు.

ఒక కారణాన్ని మాత్రం ఎన్నడూ తేలికగా తీసుకోరాదు. క్యాన్సరుకు ఆపరేషన్ అయినవారిలో కొత్తగా కారడంతోపాటు రక్తం కనిపిస్తే, మిగిలిన మూత్రమార్గంలో జబ్బు తిరగబెట్టిందేమో చూడాలి. మూత్రనాళాలను పెద్దప్రేగుకు కలిపిన పాత పద్ధతివారికి ఆ అతుకు వద్ద దశాబ్దాల తరువాత క్యాన్సరు వచ్చే ప్రమాదం ఉన్నది. అందుకే వారికి కొన్నేళ్ళ తరువాత నుండి క్రమం తప్పకుండా పెద్దప్రేగు పరీక్ష చేయించమంటారు.

అలాగే, బాగా నిండిన సంచి గలవారికి హఠాత్తుగా పొట్టలో తీవ్రమైన నొప్పి వచ్చి, కారడం ఆగి, జ్వరం తగిలితే సంచి లోపల చిట్లి ఉండవచ్చు. అది ఇంట్లో కూర్చుని కాషాయాలు త్రాగే సమయం కాదు, ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి చేరాలి.

డాక్టరు వద్దకు వెళ్ళే ముందు

లాగ్ షీటు లేకుండా మన షిఫ్టు ఇంజనీరు బ్రేక్‌డౌన్ మీటింగుకు వెళ్ళడు. రోగి మాత్రం ఏ లెక్కా లేకుండా డాక్టరు వద్దకు వెళ్ళి “ఎప్పుడూ కారుతోందండీ” అంటాడు. ఒక పాత డైరీ, ఒక కొలత గ్లాసు చాలు. మూడు రోజులపాటు ఎన్ని గంటలకు ఎంత త్రాగారు, ఎన్ని గంటలకు ఎన్ని మిల్లీలీటర్లు పోశారు, ఎప్పుడు తడిసింది, అప్పుడు ఏమి చేస్తున్నారు అన్నది వ్రాయాలి. పడుకున్నప్పుడా, దగ్గినప్పుడా, సంచి నిండినప్పుడా, ఖాళీగా ఉన్నా కూడానా? ఖాళీ చేసిన వెంటనే కూడా కారితే దొంగదారి వైపు, నిండినప్పుడే కారితే ఒత్తిడి వైపు చూపు మళ్ళుతుంది. వాడుతున్న మాత్రలన్నీ, ఏ జబ్బువైనా సరే, ఒక కాగితం మీద వ్రాసుకుని వెళ్ళాలి. కారే తడి మూత్రమా, జిగురా, మరొకటా అన్నది కూడా గమనించి చెప్పాలి. తరువాత అల్ట్రాసౌండు, మూత్రపరీక్ష, సంచిలో మందు నింపి తీసే ఎక్స్‌రే, ఒత్తిడి పరీక్ష, లోపలికి చూసే ఎండోస్కోపీ – వీటిలో ఏది అవసరమో డాక్టరు నిర్ణయిస్తారు.

గుజరాత్‌లో మూత్రపిండ, మూత్రాశయ వ్యాధులకు నడియాద్‌లోని ములజీభాయ్ పటేల్ యూరలాజికల్ ఆసుపత్రి 1978 నుండి పనిచేస్తున్నది. సూరత్ నుండి అహ్మదాబాద్ వైపు వెళ్ళే రైలు మార్గంలోనే ఆ ఊరు ఉన్నది. స్వస్థలానికి వెళ్ళి చూపించుకోదలచిన తెలుగువారికి హైదరాబాద్‌లోని నిమ్స్ ఉన్నది. ఎక్కడికి వెళ్ళినా మొదటి ఆపరేషన్ తాలూకు డిశ్చార్జి కాగితం వెంట ఉండాలి. ఏ ప్రేగు, ఎంత పొడవు వాడారు, వాల్వు ఏ రకం, స్టేపుల్స్ ఉన్నాయా అన్నది అందులోనే ఉంటుంది. ఆ కాగితం లేకపోతే డాక్టరు డ్రాయింగు లేని పైపులైను వెదకినట్లు వెదకవలసి వస్తుంది. చిన్నప్రేగు చివరి భాగం ఎక్కువగా వాడి ఉంటే కొన్నేళ్ళకు బి12 విటమిను తగ్గుతుంది గనుక ఆ పరీక్షకు కూడా ఆ కాగితమే ఆధారం.

మరొక చిన్న ఏర్పాటు. జేబులో గుర్తింపు కార్డు వెనుక “నా మూత్రాశయం ప్రేగుతో చేసినది, స్పృహ లేనప్పుడు కాథెటర్‌తో ఖాళీ చేయాలి” అని తెలుగులోనూ, గుజరాతీలోనూ, ఇంగ్లీషులోనూ వ్రాసి ఉంచుకోవాలి. పొట్టమీది దారి గలవారైతే గొట్టం ఎక్కడ నుండి వేయాలో కూడా వ్రాయాలి. రహదారి మీద ప్రమాదం జరిగితే అత్యవసర విభాగంలోని యువ డాక్టరుకు ఆ సంగతి చెప్పేవారు వేరొకరు ఉండకపోవచ్చు. మేము పైన చెప్పిన మిత్రులు ఆ కార్డును లామినేట్ చేయించుకున్నారు. కొలత గ్లాసు, డైరీ వారి మంచం ప్రక్కనే ఉంటున్నాయి. మొన్న మేము వెళ్ళినప్పుడు వారి శ్రీమతి డైరీ తెచ్చి చూపారు. రోజుకు రెండున్నర లీటర్ల లెక్క పెన్సిలుతో గీతలు గీసి ఉన్నది. నాలుగు గంటల గీత దగ్గర మాత్రం “టీ” అని వ్రాసి, అది లెక్కలోకి వస్తుందా రాదా అని ఇద్దరూ వాదించుకుంటున్నారు.